టెక్ సందేహాలు: కొన్న పుస్తకంలో పేరాలు మాయమైతే

ప్రశ్న: మేము అయిదుగురు మిత్రులం ఆదివారాలు డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆడుకుంటాం. స్పెల్‌జామర్ పుస్తకాలు మావాడొకడు అచ్చులో కొన్నాడు, నేను డిజిటల్‌లో కొన్నాను. హడోజీ అనే జాతి పూర్వకథ వాడి పుస్తకంలో ఉంది, నా ఫోనులో లేదు. యాప్ తీసేసి మళ్లీ వేసినా రాలేదు. లోపం ఎక్కడుంది?
— ఇంజినీరింగ్ విద్యార్థి, అమలాపురం

జవాబు: లోపం మీ ఫోనులో లేదు. యాప్ ఎన్నిసార్లు వేసినా ఆ పేరాలు రావు. వాటిని తీసేసింది ఈ ఆటను ప్రచురించే విజర్డ్స్ ఆఫ్ ద కోస్ట్ కంపెనీయే.

ఈ ఆట ఎరగని పాఠకులకు రెండు ముక్కలు. ఒకరు కథ నడుపుతుంటే బల్ల చుట్టూ కూర్చున్నవారు తలొక పాత్ర ధరిస్తారు. ఎత్తు పారిందా లేదా అన్నది పాచికలు తేలుస్తాయి. 1974లో అమెరికాలో పుట్టిన ఆట ఇది. మంత్రబలంతో ఓడలు అంతరిక్షంలో తిరిగే స్పెల్‌జామర్ అందులో ఒక కథాలోకం. 1989లో వచ్చింది, కొన్నేళ్లకు మరుగున పడింది, 2022 ఆగస్టులో మూడు పుస్తకాలుగా మళ్లీ వచ్చింది.

హడోజీలు కోతులను పోలిన జాతి. కొత్త పుస్తకంలో వారికి ఒక పూర్వకథ అల్లారు. మాంత్రికుడొకడు వారిని పట్టి తెచ్చి, మందు తాగించి తెలివి పెంచి, సైన్యంగా చేసి ఎక్కువ ధర పాడినవారికి అమ్మాలనుకుంటాడు. అతని శిష్యులు పూనుకుంటే వారికి విడుదల దొరుకుతుంది. దానికి తోడు ఒక బొమ్మ కూడా వేశారు. నల్లజాతివారిని బానిసలుగా అమ్మిన కాలపు వెక్కిరింతలు ఇందులో కనబడుతున్నాయని ఆటగాళ్లు దుమ్మెత్తిపోశారు. 2022 సెప్టెంబరు 2న విజర్డ్స్ ఆఫ్ ద కోస్ట్ క్షమాపణ చెప్పి, డిజిటల్ ప్రతుల్లో ఆ భాగాలు తొలగించింది, తరువాతి ముద్రణల్లోనూ ఉండవంది. మీ మిత్రుడి దగ్గర ఉన్నది తొలి ముద్రణ అన్నమాట.

తీసేయడం మంచిదేనన్నవారు ఉన్నారు. కల్పిత కథకు ఇంత రాద్ధాంతమా అని విసుక్కున్నవారూ ఉన్నారు. తీసేయడమే మేలని నా అభిప్రాయం. అసలు అచ్చుకు వెళ్లేముందు ఒక్కరి కంటా పడలేదంటే ఆశ్చర్యమే. ఇలాంటిది ఈ ఒక్క కంపెనీకే జరగలేదు. వ్యాంపైర్: ది మాస్క్వెరేడ్ అనే ఇలాంటిదే మరో పాత్రల ఆటను 2018లో కొత్తగా తెచ్చినవారు చెచెన్యాలో స్వలింగ సంపర్కులపై నిజంగా జరిగిన దమనకాండను పిశాచాల పన్నాగంగా రాసిపడేశారు. విమర్శలు ముంచెత్తాక ఆ భాగం తొలగించారు.

అయితే మీ ప్రశ్నలో ఇంకో తగువు దాగి ఉంది: నేను డబ్బు పెట్టి కొన్నదాన్ని ఇంకొకరు మార్చవచ్చా? ఇది వేరే పంచాయతీ. ఇందుకు 2024 ఆగస్టే సాక్ష్యం. 2014 నాటి నియమాలను సవరించిన పుస్తకం సెప్టెంబరులో రాబోతుండగా, కంపెనీ డిజిటల్ వేదిక డీ అండ్ డీ బియాండ్‌లోని పాత్రల పట్టికల్లో పాత మంత్రాల స్థానంలో కొత్తవి వచ్చేస్తాయని, పాతవి కావాలంటే ఎవరికి వారు చేత్తో ఎక్కించుకోవాలని ప్రకటించారు. అందులో ఎవరినీ కించపరిచే ముచ్చటే లేదు, అయినా ఆటగాళ్లు భగ్గుమన్నారు. గాయాలు మాన్పే మంత్రాన్నే చూడండి. మొదటి స్థాయిలో పాత లెక్క ప్రకారం ఎనిమిది ముఖాల పాచిక ఒకటి వేయాలి, కొత్త లెక్కలో రెండు. నెలల తరబడి సాగుతున్న కథ మధ్యలో లెక్క మారిపోతే ఎవరికి నచ్చుతుంది? కొత్త నియమాలు మెచ్చుకున్నవారు సైతం ఈ బలవంతం ఒప్పుకోలేదు. కొద్ది రోజుల్లోనే కంపెనీ వెనక్కి తగ్గి, పాతవీ ఉంటాయంది.

డిజిటల్ పుస్తకం కౌలు చేను వంటిది. సాగు మీదే, పట్టా మీ పేరున ఉండదు. తప్పు దిద్దే హక్కు కంపెనీకి ఉంది, కాదనను. దిద్దినప్పుడు ఏ పేరా ఎప్పుడు ఎందుకు మారిందో అదే పుటలో రాసి ఉంచడం కనీస మర్యాద.

మీరు చేయగలిగింది: మీ పాత్రల పట్టికలను అప్పుడప్పుడు పీడీఎఫ్‌గా దించుకుని ఒక ప్రతి అచ్చు తీయించండి. మీ బల్ల దగ్గర ఏ ఏటి నియమాలు చెల్లుతాయో ముందే అనుకోండి. యాప్‌లో పాతవాటికి పక్కన లెగసీ (పాత కూర్పు) అని ఉంటుంది, చూసుకోండి.

ప్రశ్న: ఈ నియమాలను తెలుగు చేసి మా పిల్లలకు పంచవచ్చా? కేసు పెడతారేమోనని భయం.
— ఉపాధ్యాయురాలు, రాజమహేంద్రవరం

జవాబు: మూల నియమాల వరకు నిక్షేపంగా పంచవచ్చు. ఈ నియమాలను ఇతరులు వాడుకునే లైసెన్సు షరతులను 2023 జనవరిలో కంపెనీ బిగించబోతే ఆటగాళ్లు చందాలు రద్దు చేసుకుని మరీ ఎదురుతిరిగారు. దాంతో అదే నెల 27న ఎస్సార్డీ 5.1 అనే మూల నియమావళిని క్రియేటివ్ కామన్స్ అనే ఉచిత వాడకపు లైసెన్సు కింద వదిలేశారు. ఈ అనుమతిని వెనక్కి తీసుకోవడం కుదరదు. అనువదించవచ్చు, అచ్చు వేయవచ్చు, అమ్ముకోవచ్చు కూడా. అందులో ఇచ్చిన మూలప్రస్తావన వాక్యం మీ ప్రతిలో ఉండాలి, మీరు మార్పులు చేశారని చెప్పాలి. ఇది మొత్తం పుస్తకం కాదు సుమా. యోధుడు, మాంత్రికుడు వంటి ఒక్కో పాత్ర వృత్తికి ఒక్క ఉపశాఖే ఉంటుంది, స్పెల్‌జామర్ కథలు అసలుండవు. పిల్లలకు మొదలుపెట్టడానికి అది చాలు, ఎక్కువ కూడా.

ప్రశ్న: మా అబ్బాయి పుట్టినరోజుకు ఈ ఆట 2024 నియమాల పుస్తకం కొన్నాం. అందులో అర్ధ ఎల్ఫ్ అనే జాతి లేదని అలిగాడు. నకిలీ ప్రతి అంటగట్టారా?
— గృహిణి, భీమవరం

జవాబు: నకిలీ కాదమ్మా. కొత్త పుస్తకంలో పది జాతులే ఉన్నాయి. అర్ధ ఎల్ఫ్, అర్ధ ఆర్క్ పోయి ఆసిమార్, గొలయత్, ఆర్క్ వచ్చాయి. ఆట నడిపేవారు ఒప్పుకుంటే 2014 పుస్తకంలోని అర్ధ ఎల్ఫ్‌తో హాయిగా ఆడుకోవచ్చు. అలక తీరాలంటే ఒప్పించాల్సింది ఆయననే.

ప్రశ్న: వాన పడితే చాలు, కరెంటు పోయి మా ఆన్‌లైన్ ఆట ఆగిపోతోంది. పెద్ద ఇన్వర్టర్ కొనాలా?
— పాలకొల్లు పాఠకుడు

జవాబు: అక్కర్లేదు. ఫోనుకు చార్జింగ్ ఉంటుంది కాబట్టి పోతున్నది వైఫై ఒక్కటే. రౌటర్ కోసమే చిన్న యూపీఎస్‌లు దొరుకుతాయి. కొనేముందు మీ రౌటర్ అడాప్టర్ మీద ఎన్ని వోల్టులు, ఎన్ని ఆంపియర్లు అని రాసి ఉందో చూడండి. వోల్టులు సరిగ్గా సరిపోవాలి, ఆంపియర్లు అంతే లేదా ఎక్కువ ఉండాలి. ఫైబర్ పెట్టె విడిగా ఉంటే దానికీ ఒకటి కావాలి. మీ వీధిలో కేబుల్‌వారి పెట్టెకే కరెంటు పోతే మాత్రం ఇది పనిచేయదు. అప్పుడు ఫోను డేటాతో ఆడుకోండి.