కార్డుతో కొన్న వస్తువుకు అదనపు వారంటీ

ప్రశ్న: క్రెడిట్ కార్డుతో కొన్న వాషింగ్ మెషీన్‌కు కంపెనీ ఇచ్చిన ఏడాది వారంటీ గత నెలలో ముగిసింది. ఇప్పుడు మోటారు తిరగడం లేదు. కార్డు తరఫున అదనపు వారంటీ వర్తిస్తుందా?

జవాబు: అన్ని కార్డులకూ ఈ సదుపాయం ఉండదు, ఉన్నవాటిలో చాలా కార్డులు తయారీదారు వారంటీకి మరో ఏడాది కలుపుతాయి. మీ కార్డు నిబంధనల పత్రం చదవండి. అసలు వారంటీ పరిధిలోకి వచ్చే లోపంతో మోటారు దానంతటదే చెడిపోయి ఉంటేనే క్లెయిము నిలుస్తుంది. ప్రమాదవశాత్తూ పాడైతే ఈ వారంటీ కింద సాధారణంగా ఒప్పుకోరు. కొనుగోలు బిల్లు, ఆ చెల్లింపు కనిపించే కార్డు స్టేట్‌మెంటు, వారంటీ పత్రం, మెకానిక్ రాసిచ్చిన మరమ్మతు అంచనా దగ్గర పెట్టుకోండి. అన్నిటికన్నా ముఖ్యంగా, అనుమతి రాకముందే మరమ్మతు చేయించకండి, పాత మోటారును పారేయకండి. లోపం తెలిపేందుకు గడువు ఉంటుంది కనుక ఈరోజే కార్డు సంస్థకు ఫోన్ చేయండి.