మీరడిగారు: హినామిజావా ఊరూ, దాని శాపమూ

ప్రశ్న: మా అమ్మాయి పీయూసీ రెండో ఏడు. స్నేహితురాళ్లతో వైట్‌ఫీల్డ్‌లో కామిక్ కాన్ అనే బొమ్మల కథల మేళాకి వెళ్తానంటే నేనూ తోడు వెళ్లాను. తెల్ల గౌను, తెల్ల టోపీ, చేతిలో అట్టతో చేసిన పెద్ద వేటకత్తి ఉన్న ఒక పిల్ల పక్కన నిలబడి ఫొటో దిగింది. ఎవరే అంటే ‘హిగురాషి’లో రెనా అంది. అప్పట్నుంచి రాత్రి పన్నెండు దాకా లాప్‌టాప్‌లో ఆ కథే చదువుతోంది. బొమ్మలు చూస్తే చిన్నపిల్లల కథలా ఉంది, అడిగితే హత్యలూ శాపాలూ అంటోంది. మాన్పించమంటారా?
– ఒక తల్లి, మారతహళ్లి

జవాబు: మాన్పించకండమ్మా. కాకపోతే పిల్ల ఏం చదువుతోందో మీకు తెలియాలి. నాకు చాలా ఇష్టమైన కథ, అందుకని కాస్త ఎక్కువే చెబుతాను.

టోక్యోలో కొమికెట్ అని, సొంతంగా పుస్తకాలు వేసుకునేవాళ్ల పెద్ద సంత జరుగుతుంది. 2002 ఆగస్టులో అక్కడ దీని మొదటి భాగం అమ్మకానికి వచ్చింది. రియూకిషి 07 అనే కలంపేరుతో రాసినాయనే బొమ్మలూ వేశాడు. ఎనిమిదో భాగం వచ్చేసరికి 2006 ఆగస్టు అయింది. తెర మీద బొమ్మ, దాని మీద అక్షరాలు, వెనకాల సంగీతం. పేరుకి కంప్యూటర్ గేమ్, కానీ మౌస్ నొక్కుతూ చదువుకుంటూ పోవాలి.

కథ 1983 జూన్‌లో, కొండల మధ్య హినామిజావా అనే పల్లెలో జరుగుతుంది. కెయిచి అనే కుర్రాడు పట్నం నుంచి కొత్తగా వస్తాడు. బడిలో చిన్నా పెద్దా అందరికీ ఒకటే తరగతి. రెనా, మియోన్, సతోకో, రికా అతనికి స్నేహితులవుతారు. చాలాసేపు వాళ్ల ఆటలూ అల్లరీ తప్ప ఏమీ ఉండదు. ఆ తర్వాత తెలుస్తుంది: నాలుగేళ్లుగా ఏటా ఊరి జాతర రాత్రి ఒకరు చనిపోతున్నారు, ఒకరు కనబడకుండా పోతున్నారు. ఒయాషిరో సామా అనే దేవుడి శాపమంటారు ఊళ్లోవాళ్లు.

ఆ శాపం వెనకాల ఒక ఆనకట్ట ఉంది. ఊరు ముంపుకు పోతుందని జనం ఎదురుతిరిగి దాన్ని ఆపించుకున్నారు. సతోకో అమ్మానాన్నలు మాత్రం ఆనకట్టే మంచిదన్నారు. ఊరు ఆ ఇంటిని వెలేసింది. వాళ్లు పోయాక కూడా ఆ కోపం పసిపిల్ల మీదే ఉంది. పెద్దవాళ్లు చాలామంది సతోకోని చూసీ చూడనట్టు పోతారు. మా అమ్మమ్మగారి ఊరు శ్రీశైలం ప్రాజెక్టు కింద మునిగింది. అందరికన్నా ముందు నష్టపరిహారం పుచ్చుకుని బళ్లు కట్టినవాళ్ల పేరు ఆవిడ చివరిదాకా పలకలేదు, ‘ఆ ఇంటోళ్లు’ అనేది. అందుకే ఈ కథలో నన్ను భయపెట్టింది దేవుడి కన్నా ఆ వెలి. నలుగురూ నోరు మెదపని చోట శాపానికి వేరే పని ఉండదు.

జాగ్రత్తపడాల్సింది మూడో భాగం దగ్గర. అందులో సతోకోని ఆమె బాబాయి ఇంట్లో పెట్టుకుని హింసిస్తాడు. అది వివరంగా, పేజీల తరబడి ఉంటుంది. తమని తాము గాయపరుచుకునే మనుషులూ కథలో ఉన్నారు. రక్తం కన్నా ఇవే పిల్లల మనసులో ఎక్కువ రోజులుంటాయి. ఎక్కడిదాకా వచ్చావని అడుగుతూ ఉండండి, ఆ భాగం వచ్చినప్పుడు పక్కన కూర్చోండి. రాత్రి మేలుకోవడం సంగతంటారా, అక్కడ మాత్రం మీ మాటే చెల్లాలి.

ప్రశ్న: ‘హిగురాషి’ 2006 యానిమే, అంటే జపాన్ కార్టూన్ సిరీస్, ఇరవై ఆరు ఎపిసోడ్లూ చూసేశాను. నా రూమ్మేట్ అసలు గేమ్ ఆడమంటున్నాడు. అందులో మనం ఎంచుకునేదే ఏమీ లేదట. అది ఆటెలా అవుతుందండీ? కథ తెలిశాక మళ్లీ ఎందుకు?
– ఒక పాఠకుడు, ఎలక్ట్రానిక్ సిటీ

జవాబు: ముందు ఒక సంగతి. మీకు కథంతా తెలియదు. ఆ ఇరవై ఆరు ఎపిసోడ్లలో ఉన్నవి ఆరు భాగాలే. చివరి రెండూ 2007లో ‘కాయ్’ పేరుతో వచ్చిన ఇరవై నాలుగు ఎపిసోడ్లలో ఉన్నాయి. వెంటనే చూడండి.

ఇక ఆట. ఆ చావులు మనిషి చేసిన పనా, కాకతాళీయమా, శాపమా, తేల్చండి అని రచయిత పాఠకులతో పందెం కాశాడు. మొదటి నాలుగు భాగాలూ ప్రశ్నలు, తర్వాతి నాలుగూ జవాబులు. భాగానికీ భాగానికీ మధ్య నెలల తరబడి ఎదురుచూస్తూ చదివినవాళ్లు వాదించుకున్నారు. అదే ఆట.

ఒహాగి ఘట్టం గుర్తుందా? ఒంట్లో బాగాలేదని ఇంట్లో ఉన్న కెయిచికి మియోన్, రెనా ఆ తీపి ముద్దలు తెచ్చిస్తారు. జిగురన్నం ముద్దకి తీపి ఎర్రచిక్కుడు ముద్ద పట్టిస్తారు, అదీ ఒహాగి. కొరికితే నోట్లో ఏదో చురుక్కుమంటుంది. సూది అనుకుంటాడు, మిగిలినవి గోడకేసి కొడతాడు. యానిమేలో ఆడపిల్లల ముఖాలు వికారంగా మారిపోతాయి, మనం ఉలిక్కిపడతాం, అయిపోతుంది. చదివేటప్పుడు అలా కాదు. అప్పటికి గంటల తరబడి ఆ కుర్రాడి బుర్రలోనే ఉన్నాం. అతను అనుమానించినవాళ్లని మనమూ అనుమానించాం. ఆ సూదిని ఇంకెవరైనా చూశారా అన్న ప్రశ్నే మనకి తట్టదు. ఏడెనిమిది గంటలు చదవాల్సిన భాగాన్ని నాలుగు ఎపిసోడ్లలోకి కుదిస్తే ఈ మోసపోవడమే దొరకదు. యానిమేకి కెంజి కవాయ్ ఇచ్చిన సంగీతం ఎంత బాగున్నా ఆ లోటు తీరలేదని నా అభిప్రాయం.

ఇంకోటి, పాత గేమ్‌లో వెనక కనిపించే ఊరు చాలావరకు గిఫు ప్రాంతంలోని షిరకావా-గో ఫొటోలు, రంగులు మార్చి వాడినవి. నిటారుగా గడ్డికప్పు ఇళ్లున్న ఆ ఊరు 1995లో యునెస్కో జాబితాకెక్కింది. యానిమే గీతల్లో లేని నిజం ఆ మసక ఫొటోల్లో ఉంది. నటీనటులతో 2008, 2009లలో తీసిన సినిమాలు అన్నీ అయ్యాక చూసినా సరిపోతుంది.

ప్రశ్న: 2020లో వచ్చిన కొత్త సిరీస్‌లో బొమ్మలు బాగున్నాయి. అక్కడ మొదలుపెట్టొచ్చా?
– ఒక పాఠకురాలు, కోరమంగళ

జవాబు: వద్దు. మొదటి ఎపిసోడ్ చూస్తే పాత కథే మళ్లీ తీశారనిపిస్తుంది. రెండో ఎపిసోడ్‌లో ‘గో’ అన్న అసలు పేరు బయటపెట్టారు. అది పాత కథకి కొనసాగింపు. ముందుది తెలియకుండా చూస్తే పెద్ద రహస్యం వాళ్లే ముందు చెప్పేస్తారు. చదవగలిగితే ఇంగ్లిష్‌లో స్టీమ్ అనే ఆన్‌లైన్ గేముల దుకాణంలో 2015 నుంచి 2020 దాకా ఎనిమిది భాగాలూ విడివిడిగా వచ్చాయి, మొదటిది కొని చూడండి. అంత ఓపిక లేకపోతే ఒక్కో భాగానికి ఒక్కో కథగా వచ్చిన మాంగా (జపాన్ బొమ్మల పుస్తకాలు) ఉంది, అది యానిమే కన్నా నిదానంగా నడుస్తుంది. యానిమేనే కావాలంటే 2006, 2007, ఆ తర్వాతే 2020, చివర 2021లో వచ్చిన ‘సోత్సు’. మధ్యలో అనుమానం వచ్చిందని పేర్లు నెట్‌లో వెతక్కండి. రికా పేరు కొడితే చాలు, సగం కథ బయటపడుతుంది.