మొదటి సైక్లోక్రాస్ సీజన్‌కి ఏ కేటగిరీ?

చిరంజీవికి ఆశీస్సులు.

ఈ సీజన్‌లో సైక్లోక్రాస్ (గడ్డి, బురద, అడ్డంకులున్న చిన్న ట్రాక్ మీద చుట్లు తిరిగే సైకిల్ పందెం) మొదలుపెడుతున్నానని, రిజిస్ట్రేషన్ ఫారంలో అన్ని కేటగిరీలు చూసేసరికి ఎందులో పేరివ్వాలో తోచడం లేదని రాశావు. మంచి పని చేశావు అడిగి. పొరపాటు కేటగిరీలో పడితే ఎంత సాధన చేసినా ఫలితం కనపడదు, ఆట మీద ఇష్టమే పోతుంది. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు వయసు లెక్క తేల్చుకో. సైక్లోక్రాస్ సీజన్ సెప్టెంబరులో మొదలై ఫిబ్రవరి దాకా సాగుతుంది కాబట్టి రెండు సంవత్సరాల్లో పడుతుంది. రేసు రోజున నీకు ఎన్నేళ్లు నిండాయో చూడరు. సీజన్ ముగిసే సంవత్సరంలోంచి నీ పుట్టిన సంవత్సరం తీసేస్తారు, అంతే. పుట్టిన నెలతో పనిలేదు. 1991 నవంబరులో పుట్టినవాళ్లకి 2025 అక్టోబరు రేసు నాటికి 33 ఏళ్లే నిండుతాయి, కానీ రేసు లెక్కలో వాళ్ల వయసు 35. అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య యూసీఐ లెక్కలో 17, 18 ఏళ్లవాళ్లు జూనియర్లు, 19 నుంచి 22 దాకా అండర్-23, ఆ పైన ఎలైట్. మాస్టర్స్ అనే పెద్ద వయసువాళ్ల కేటగిరీ కొన్నిచోట్ల 35 నుంచి, కొన్నిచోట్ల 40 నుంచి మొదలవుతుంది. నువ్వు పోటీచేసే సిరీస్ నిబంధనల్లో ఏముందో చదివాకే ఫారం నింపు.

వయసు కేటగిరీకి అర్హత ఉంది కదా అని అందులోకే వెళ్లిపోకు. మాస్టర్స్ అంటే నెమ్మదిగా తొక్కేవాళ్ల గుంపు అనుకుని వెళ్లి దెబ్బతినేవాళ్లు చాలామంది. ఇరవై ఏళ్లుగా బురదలో తొక్కుతున్నవాళ్లు, ఒకప్పుడు ఎలైట్‌లో పోటీచేసినవాళ్లు ఉండేది అక్కడే. కొత్తగా వచ్చినవాళ్లకి సామర్థ్యాన్ని బట్టి పెట్టే కేటగిరీలే మేలు. అమెరికాలో వాటికి అంకెలు పెడతారు, అంకె తగ్గేకొద్దీ పోటీ పెరుగుతుంది, 1 అన్నిటికన్నా పైది. కొన్ని సిరీస్‌లలో ఏ, బీ, సీ అంటారు. పేరు ఏదైనా అన్నిటికన్నా కిందిది తీసుకో. రోడ్డు మీద నాలుగు గంటలు ఆగకుండా తొక్కగలవన్నది ఇక్కడ అంతగా అక్కరకు రాదు. ఇక్కడ ప్రతి మలుపులో దాదాపు ఆగి, మళ్లీ పూర్తి బలంతో లేవాలి. మధ్యలో సైకిల్ భుజానికెత్తుకుని పరుగెత్తాలి. దమ్ము తీసుకోవడానికి ఎవరి వెనకాలో దాక్కునే వీలు దాదాపు ఉండదు.

ఇప్పుడు రేసు నిడివి సంగతి. ఇది ఎవరూ సరిగా చెప్పరు. యూసీఐ రేసుల్లో ఎలైట్ పురుషులకు సుమారు 60 నిమిషాలు, ఎలైట్ మహిళలకు 50, జూనియర్లకు 40. స్థానిక రేసుల్లో కొత్తవాళ్లకి సాధారణంగా 30, మధ్య కేటగిరీలకు 40 నుంచి 45 పెడతారు. కానీ ఆ అంకె నీది కాదు, ముందున్నవాళ్లది. వాళ్ల మొదటి రెండు ల్యాప్‌ల (ట్రాక్ చుట్ల) సమయం చూసి మొత్తం ఎన్ని ల్యాప్‌లో తేలుస్తారు. 40 నిమిషాల రేసులో ముందున్నవాళ్ల ల్యాప్ 7 నిమిషాలైతే 6 ల్యాప్‌లు పెడతారనుకో, వాళ్లు 42 నిమిషాలకు ముగిస్తారు. నీ ల్యాప్ 8 నిమిషాలైతే వాళ్లు నిన్ను దాటరు, అప్పుడు నువ్వూ 6 ల్యాప్‌లూ తొక్కాలి, 48 నిమిషాలు. అదే నీ ల్యాప్ ఎనిమిదిన్నర అయితే చివర్లో వాళ్లు నిన్ను ఒక ల్యాప్ దాటేస్తారు, నువ్వు 5 ల్యాప్‌లతో 42 నిమిషాల 30 సెకన్లకు ముగిస్తావు. 40 అని రాసి ఉన్నా, ఒళ్లు 50కి సిద్ధంగా ఉండాలి. మొదటి రెండు ల్యాప్‌లలో ఉన్న బలమంతా ఊడ్చేసినవాళ్లకి ఆఖరి ల్యాప్‌లో సైకిల్ మీద కాలు వేయడమే కష్టమవుతుంది.

యూసీఐ నిబంధనలతో నడిచే రేసుల్లో ఇంకొకటి ఉంది. ముందున్నవాళ్ల మొదటి ల్యాప్ సమయంలో 80 శాతం మేర వెనకబడితే నిన్ను ట్రాక్ నుంచి తప్పిస్తారు. 7 నిమిషాల ల్యాప్‌కి అది 5 నిమిషాల 36 సెకన్లు. ల్యాప్‌కి నిమిషంన్నర చొప్పున వెనకబడితే నాలుగో ల్యాప్ ముగిసేసరికి నీ రేసు అయిపోయినట్టే. తాహతుకు మించిన కేటగిరీలో పేరిస్తే ముగింపు గీత దాకా చేరకుండానే సీజన్ గడిచిపోతుంది.

సైకిల్ దిగడం, ఎక్కడం ఎంతవరకు వచ్చో కూడా కేటగిరీని నిర్ణయిస్తుంది. ట్రాక్‌కి అడ్డంగా పెట్టే పలకల ఎత్తు 40 సెంటీమీటర్లకు మించదు, రెండు పలకల మధ్య దూరం 4 మీటర్లు. కుడికాలు జీను వెనక నుంచి ఇవతలికి తిప్పి, ఎడమ పెడల్ మీద ఒక క్షణం నిలబడి, వేగం తగ్గకుండా దిగి పరుగందుకోవాలి. ఎక్కేటప్పుడు పైకి ఎగిరి జీను మీద కూలబడకూడదు. ఎడమకాలితో నేలను తన్ని, కుడి తొడ లోపలి భాగం జీను మీద ఆనేలా పక్క నుంచి జారాలి. కొత్తవాళ్లు ఎక్కేముందు రెండు మూడు చిన్న అడుగులు తడబడతారు, అక్కడ వేగమంతా పోతుంది. కొత్తవాళ్ల రేసులో అందరూ తడబడతారు కాబట్టి నష్టం లేదు. పై కేటగిరీలో నీ వెనక చక్రం ఆనుకుని వచ్చేవాళ్లు నీ మీదే పడతారు. గడ్డి నేల మీద రెండు పలకలు, ఓ ఇరవై మీటర్ల పరుగు, నాలుగైదు మలుపులతో మూడు నిమిషాల ల్యాప్ ఒకటి చేసుకుని అరగంట తొక్కి చూడు. ఆఖరి ల్యాప్ రెండో ల్యాప్ కన్నా 20 సెకన్లకు మించి ఆలస్యమైతే 30 నిమిషాల కేటగిరీకే పేరివ్వు.

సైకిల్ విషయంలో కింది కేటగిరీల్లో పట్టింపు తక్కువ. చాలాచోట్ల మౌంటెన్ బైక్‌ని రానిస్తారు, హ్యాండిల్ చివర కొమ్ముల్లా ఉండే బార్ ఎండ్స్ మాత్రం ముందే తీసేయి. యూసీఐ రేసుల్లో టైరు 33 మిల్లీమీటర్లకు మించకూడదు. ఉన్న సైకిల్‌తోనే మొదలుపెట్టి, ఏడాది గడిచాక కొత్తది సంగతి ఆలోచించు.

రేసు వేళలు కూడా చూసుకో. కొత్తవాళ్ల రేసు తరచు పొద్దున్నే ఉంటుంది. అప్పటికి మంచు పట్టిన గడ్డి జారుతుంది, నేలలో చక్రాలు చేసిన గాడులు చలికి గట్టిపడి ముందు చక్రాన్ని పట్టి లాగేస్తాయి. మధ్యాహ్నానికి అదే చోటు బురదగుంట. ఏ వేళ తొక్కుతావో ఆ వేళకు దగ్గరలో ట్రాక్ తిరిగి చూడాలి, దానికి కేటాయించిన సమయం అరగంటే ఉంటే ఆలస్యంగా వెళ్లకు. పేరు ముందుగా ఇచ్చినవాళ్లని, పాయింట్లు ఉన్నవాళ్లని ముందు వరసల్లో నిలబెడతారు. వెనక వరసలో నిలబడితే మొదటి ఇరుకు మలుపులోనే పదిహేను ఇరవై సెకన్లు ఆగి నిలబడాల్సి రావచ్చు, కాబట్టి రిజిస్ట్రేషన్ తెరిచిన రోజే పేరివ్వు.

పై కేటగిరీకి ఎప్పుడు వెళ్లాలి? వరసగా మూడు రేసుల్లో మొదటి అయిదో వంతులో ముగిస్తూ, నీ ల్యాప్ సమయాలు చివరిదాకా నిలకడగా ఉంటే వెళ్లు. నిమిషం తేడాతో గెలుస్తూ ఇంకా అక్కడే ఉండిపోవడం మాత్రం నాకు నచ్చదు. కొత్తగా వచ్చినవాళ్ల పతకాలు నువ్వు తీసుకున్నట్టవుతుంది, నీ మలుపులూ మెరుగుపడవు. ఒకే రోజు రెండు కేటగిరీల్లో తొక్కనిచ్చే సిరీస్ అయితే మొదటిది నీ అసలు రేసు, రెండోది పైది, అక్కడివాళ్లు మలుపుల్లో ఏ దారి పట్టుకుంటున్నారో చూడటానికి. అది కూడా సీజన్ సగం దాటాకే.

మొదటి రేసు అయ్యాక ఫలితాల పట్టిక ల్యాప్ సమయాలతో సహా పంపు. స్థానం ఒక్కటే రాసి పంపితే నేనేమీ చెప్పలేను.