ఆవు మచ్చల కథకు బొమ్మలు

ప్రశ్న: నల్లావు వీపు మీద వెన్నెల కారి తెల్లమచ్చలు ఏర్పడ్డాయంటూ పిల్లల కోసం ఒక కథ రాసి, బొమ్మలు కూడా నేనే వేస్తున్నాను. ఇలాంటి కల్పన వల్ల పిల్లలు తప్పు నేర్చుకుంటారని కొందరు అంటున్నారు. కథ చివర శాస్త్రీయ కారణం చేర్చాలా? బొమ్మల్లో ఏ జాగ్రత్తలు తీసుకోవాలి?

జవాబు: చేర్చనవసరం లేదు. వెన్నెల పాలలా కారదన్న సంగతి కథ వినే పిల్లలకు తెలియకపోదు. కథ ముగియగానే పాఠం మొదలుపెడితే మాత్రం పుస్తకం పక్కన పడేస్తారు. అయితే ఆ కారణం మీకు తెలిసి ఉండటం మంచిది. దూడ ఇంకా పిండంగా ఉన్న దశలోనే వెంట్రుకలకు రంగునిచ్చే కణాలు వెన్ను పొడవునా పుట్టి, డొక్కల మీదుగా పొట్టకూ కాళ్లకూ దిగుతాయి; అవి చేరలేని చోట, లేదా చేరినా నిలవలేని చోట వెంట్రుకలు తెల్లగా మిగులుతాయి. నలుపు తెలుపు ఆవులకు పొట్ట, కాళ్ల కింది భాగం, నుదుటి బొట్టు, తోకకుచ్చు ఎక్కువగా తెల్లగా ఉండటానికి కారణం అదే. మీ కథ ప్రకారం వీపు తెల్లబడి పొట్ట నల్లగా మిగలాలి కదా! నేనైతే ఆ నల్లావును వెన్నెల నిండిన మడుగులోకి పొట్ట లోతు దింపుతాను. బొమ్మకు కూడా అదే బాగా కుదురుతుంది.

బొమ్మల్లో అసలు చిక్కు మరొకటి ఉంది. క్లోనింగ్ ద్వారా ఒకే జన్యువులతో పుట్టిన దూడలకు సైతం మచ్చలు అచ్చంగా ఒకేలా ఉండవు కనుక, ఆవును గుర్తుపట్టడానికి మచ్చలే ఆధారం. హోల్‌స్టీన్ అనే నలుపు తెలుపు పాడి జాతి ఆవులను నమోదు చేసే సంఘాలు ఒకప్పుడు ప్రతి ఆవుకూ రెండు పక్కల మచ్చలనూ పత్రంపై గీయించేవి. మీరు కూడా మొదటి పేజీ మొదలుపెట్టకముందే కుడిపక్క, ఎడమపక్క, ముఖం విడివిడిగా గీసి ఎదుట పెట్టుకోండి. ఆవు అటు తిరగాలని కంప్యూటర్‌లో బొమ్మను తిప్పేస్తే ఎడమ డొక్క మీది మచ్చ కుడి డొక్కకు చేరుతుంది, అప్పుడది వేరే ఆవు అవుతుంది. ఇలాంటివి పెద్దల కంటే పిల్లలే ముందు పట్టేస్తారు. తెల్ల వెంట్రుకల కింద చర్మం గులాబీ రంగులోనూ, నల్లమచ్చ కింద నల్లగానూ ఉంటుంది కాబట్టి ముట్టె, పొదుగు రంగులు కూడా ముందే నిర్ణయించుకోండి. కథలో ఆవుకు ఈనిన దూడ ఉంటే దానికి తల్లి మచ్చలే వేయకండి. ఆ దూడ పెరిగే పేజీల్లో మాత్రం పుట్టినప్పటి మచ్చలే ఒంటితో పాటు పెద్దవవుతాయి, కొత్తవి పుట్టవు.