సెర్న్ అంటున్న అమ్మాయి, ఉద్యోగం అంటున్న నాన్న

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ పూర్తిచేసింది. బీటెక్ సీఎస్ఈలో సీటు వచ్చేలా ఉన్నా, ఫిజిక్స్ చదివి సెర్న్‌కి (స్విట్జర్లాండ్‌లోని కణ భౌతిక పరిశోధనా కేంద్రం) వెళ్తానంటోంది. ప్లాస్మా ఫిజిక్సా (విద్యుదావేశ కణాలుగా విడిపోయిన వాయువు గురించిన చదువు), సెర్న్‌లో చేసే హై ఎనర్జీ ఫిజిక్సా (అతి సూక్ష్మ కణాల చదువు), ఏది మేలు? ముప్ఫై ఏళ్లొచ్చినా చదువుతూనే ఉంటే ఎలా? – ఒక తండ్రి, రాజమండ్రి

జవాబు: మీ అసలు ప్రశ్న చివరి వాక్యంలో ఉంది. ముందు దానికే చెప్తాను. ఎమ్మెస్సీ అయ్యేసరికి 22, 23 ఏళ్లు. పీహెచ్‌డీకి 5, 6 ఏళ్లు. ఆపైన రెండు విడతల పోస్ట్‌డాక్, అంటే పీహెచ్‌డీ తర్వాత చేసే తాత్కాలిక పరిశోధన ఉద్యోగం. పర్మనెంట్ ఉద్యోగం 33, 35 ఏళ్లకు దొరికితే మంచి సమయానికి దొరికినట్టే. అయితే ఆ పదేళ్లూ మీ మీద ఆధారపడి బతకదు. జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే మొదటి 2 ఏళ్లు నెలకు 37,000, తర్వాత 42,000 రూపాయలు, పైగా ఇంటి అద్దె భత్యం. కోచింగ్‌కి లక్షలు కట్టిన రోజు ఎవరినీ అడగని గ్యారంటీ ఇప్పుడు పిల్లను అడగడం న్యాయం కాదండీ.

నా భయం వేరే, సెర్న్ మోజు గురించి. 2015లో సెర్న్ ప్రయోగాల నుంచి హిగ్స్ అనే కణం ద్రవ్యరాశి మీద వచ్చిన ఒక్క పేపర్లో రచయితలు 5,154 మంది. అందులో పేరుంటే ఇంట్లో సంబరమే, కానీ ఇంటర్వ్యూ బోర్డు అడిగేది 'ఇందులో నువ్వు చేసిందేమిటి?' అని. డిటెక్టర్లో (కణాల జాడ పట్టే యంత్రం) ఏ భాగం పరీక్షించింది, ఏ కోడ్ రాసింది అన్నది గైడు సిఫార్సు లేఖలో స్పష్టంగా రాయకపోతే ఆ పేపర్ల బలం సగమైపోతుంది. కేవలం థియరీ అయితే పోస్టులు ఇంకా తక్కువ. సీ ప్లస్ ప్లస్, పైథాన్, స్టాటిస్టిక్స్ గట్టిగా వచ్చినవాళ్లకి మాత్రం బయట డేటా ఉద్యోగాల దారి తెరిచే ఉంటుంది.

ప్లాస్మాకి మన దేశంలోనే చోటుంది. గాంధీనగర్ దగ్గర ఐపీఆర్ అనే ప్లాస్మా పరిశోధన సంస్థలో ఆదిత్య టోకమాక్ (అయస్కాంతాలతో ప్లాస్మాను పట్టి ఉంచే యంత్రం) 1989లో మొదలైంది. ఫ్రాన్స్‌లో పలు దేశాలు కలిసి కడుతున్న కేంద్రక సంలీన యంత్రం ఇటర్‌కి 3,850 టన్నుల క్రయోస్టాట్ (యంత్రాన్ని చుట్టి చల్లగా ఉంచే పెద్ద పాత్ర) ఇచ్చింది మనమే. అక్కడ ప్రయోగాలు 2034లో మొదలుపెడతామని 2024లో ప్రకటించారు. అప్పటికి మీ అమ్మాయి పీహెచ్‌డీలో ఉంటుంది. ఆ తేదీ మళ్లీ జరగొచ్చు, దాన్నే నమ్ముకోవద్దు. చిప్‌ల తయారీలో ఎచింగ్ (సన్నని గీతలు చెక్కడం) చాలావరకు ప్లాస్మాతోనే జరుగుతుంది కాబట్టి ఈ చదువుకి పరిశ్రమలోనూ పనుంది.

ప్లాస్మాలో చేతిపనే సగం చదువు. ప్రయోగం చేసేది గాలి తీసేసిన ఛాంబర్లో. దాని మూత దగ్గరి ఓ-రింగ్ (రబ్బరు వలయం) మీద ఒక్క వెంట్రుక పడినా ఛాంబర్ లీకవుతుంది, పంపు ఎంతసేపు నడిచినా లోపలి పీడనం దిగదు. లోపలి భాగాల్ని చేతి తొడుగు లేకుండా ముట్టుకుంటే వేలి జిడ్డు ఆవిరై వాయువులు వదులుతూనే ఉంటుంది. లాంగ్‌మ్యూర్ ప్రోబ్ అంటే ప్లాస్మాలో పెట్టే సన్నని టంగ్‌స్టన్ తీగ. దాని వోల్టేజీ మారుస్తూ కరెంటు కొలిచి, ఆ గ్రాఫ్ వాలును బట్టి ఎలక్ట్రాన్ల ఉష్ణోగ్రత చెప్పాలి. తీగ మీద పొర కడితే గ్రాఫే తప్పుతుంది. ఇలాంటి తప్పు వెతకడంలో మీ అమ్మాయికి ఓపికుందా, విసుగొస్తుందా? ప్లాస్మా, హై ఎనర్జీ రెండిట్లో ఏది మేలన్నది దాన్నిబట్టే తేలుతుంది. ఇప్పుడే తేల్చక్కర్లేదు, ఎమ్మెస్సీ ప్రాజెక్టు దాకా టైముంది.

కాలేజీలో చేర్చేముందు ఫిజిక్స్ ల్యాబ్ చూపించమని అడగండి. వాక్యూమ్ పంపు ఉంటే ఆన్ చేయించండి. మూడో ఏడాది పిల్లల్ని పిలిచి, దాన్ని చివరిసారి ఎప్పుడు వాడారో అడగండి.