సమాధానం: హేవ్‌లాక్‌లో వెదురు కాటేజీ దొరికింది, పడవ టికెట్టే దొరకడం లేదు

అండమాన్‌లో పోర్ట్ బ్లెయిర్ నుంచి హేవ్‌లాక్ దీవికి, దిగిన రోజే వెళ్లడానికి పడవ టికెట్టు దొరకడం లేదని అడిగారు. సీట్లు అయిపోవడం కాదు, అసలు చిక్కు మీ విమానం టైముతోనే. ఆమదాలవలసలో రైలెక్కి, విశాఖ నుంచి చెన్నై మీదుగా పోర్ట్ బ్లెయిర్‌లో సాయంత్రం నాలుగున్నరకి దిగుతామన్నారు. ఆ రాత్రికే హేవ్‌లాక్‌లో రూము తీసుకున్నారు. అప్పటికి పడవలన్నీ వెళ్లిపోతాయి. గడియారం మనదే, పొద్దు మాత్రం మనకంటే ముందే గుంకుతుంది. డిసెంబరులో ఐదింటికే చీకటి మొదలు.

1. మొదటి రాత్రి పోర్ట్ బ్లెయిర్‌లోనే ఉండండి. కాటేజీ వాళ్లకు ఇవాళే ఫోన్ చేసి బుకింగు మర్నాటి నుంచి మొదలయ్యేలా మార్చమనండి.

2. మర్నాడు ఉదయం ఫెర్రీ చూడండి. ప్రయాణం సుమారు రెండు గంటలు. కొన్నిచోట్ల హేవ్‌లాక్‌ను స్వరాజ్ ద్వీప్ అని, పోర్ట్ బ్లెయిర్‌ను శ్రీ విజయపురం అని చూపిస్తారు. టెన్షన్ పడకండి, ఊళ్లు అవే.

3. చాలామంది వదిలేసేది తిరుగు ప్రయాణం. విమానం ఉన్న రోజు పొద్దున్నే హేవ్‌లాక్ నుంచి బయల్దేరొచ్చులే అనుకుంటారు. సముద్రం బాగోకపోతే పడవ ఆపేస్తారు, అక్కడికి రోడ్డు లేదు, విమానం పోయినట్టే. పిల్లలతో వెళ్తున్నారు కాబట్టి మరీ చెబుతున్నాను: ముందురోజే పోర్ట్ బ్లెయిర్ చేరిపోండి. హేవ్‌లాక్‌లో ఒక రాత్రి తగ్గినా పర్లేదు.

మీ కాటేజీ విజయనగర్ బీచ్‌లో ఉందన్నారు. చెట్ల మధ్య చాలా బాగుంటుంది, కానీ పోటు తగ్గితే నీళ్లు దూరం వెళ్లిపోతాయి. స్నానాలకు రాధానగర్ బీచ్‌కి వెళ్లండి.

ఫెర్రీ రెండు వైపులా ఖాయమయ్యాకే కాటేజీకి మిగతా డబ్బు కట్టండి.