వేళ్లు పట్టేసిన నాన్నగారికి ఏ బ్రష్?

కనిగిరిలో ఉన్న మీ నాన్నగారికి వేళ్లు బిగుసుకుపోయి బ్రష్ పట్టు దొరకడం లేదు, చిగుళ్ల నుంచి రక్తం వస్తోంది, పళ్ల మీద గోధుమ రంగు మచ్చలున్నాయి, ఎలక్ట్రిక్ బ్రష్ కొనాలా అని అడిగారు.

కొనండి, కానీ మచ్చల కోసమైతే వద్దు. అటువైపు బోరునీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ కదా. చిన్నప్పుడు పన్ను తయారయ్యేటప్పుడే ఎనామిల్‌లో (పంటి గట్టి పైపొరలో) పడిన ఫ్లోరైడ్ మచ్చ ఏ బ్రష్‌కీ పోదు. గట్టి బ్రష్‌తో రుద్దితే పన్నూ చిగురూ అరగడమే మిగులుతుంది.

ఎలక్ట్రిక్ బ్రష్‌తో అసలు లాభం వేళ్లకే. పిడి లావుగా ఉంటుంది, తల దానంతటదే కదులుతుంది. పంటి మీద ఆనించి మెల్లగా జరపాలంతే. అలవాటుకొద్దీ పెద్దవాళ్లు దాంతో కూడా రుద్దేస్తుంటారు, మొదట్లో పక్కన నిలబడి చూపించండి. వైద్య పరిశోధనలన్నిటినీ కలిపి బేరీజు వేసే కోక్రేన్ సంస్థ 2014 సమీక్ష ప్రకారం, మూడు నెలలు దాటాక ఎలక్ట్రిక్ బ్రష్‌తో మామూలు బ్రష్ కంటే పాచి 21 శాతం, చిగుళ్ల వాపు 11 శాతం తక్కువ. తేడా ఉంది, మరీ అద్భుతమేం కాదు.

విడి తలలు ఒంగోలులో దొరికే మోడలే తీసుకోండి, మూడు నెలలకోసారి మార్చాలి. ఖర్చు ఎక్కువనుకుంటే మెత్తటి మామూలు బ్రష్ పిడికి సైకిల్ గ్రిప్పు తొడిగినా పట్టు దొరుకుతుంది.

రక్తం సంగతి మాత్రం ముందు డెంటిస్టుకు చూపించండి. గట్టిపడిన గారను ఏ బ్రష్షూ తీయలేదు. షుగరు ఉన్నా, రక్తం పలచబడే మాత్రలు వాడుతున్నా డెంటిస్టుకు చెప్పండి.